కనకలక్ష్మి సైకిలెక్కనంది

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, మూడో అంతస్తు ఇంట్లో, తెల్లవారేసరికి సైకిల్ మొదలవుతుంది. చక్రం తిరుగుతుంది, సైకిల్ కదలదు. పక్కన ఆక్సిజన్ సిలిండర్. దాని గొట్టం ముక్కుకు తగిలించుకుని రిటైరైన విశ్వేశ్వరరావు తొక్కుతుంటాడు. ఆయాసానికి కొత్త వైద్యమని కొడుకు ఉదయ్ భాస్కర్ తెచ్చిపెట్టాడు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ల మేడలో అతని ఉద్యోగం. అక్కడెవరో చెప్పారట.

"ఏందన్నా, గింత తొక్కుతున్నవ్, ఇంక లింగంపల్లన్నా రాకపాయె!" తోడుకు మజ్జిగ కోసం వచ్చిన ఎదురింటి నర్సమ్మ నవ్వింది.

ఆయన తొక్కినంతసేపూ ఇల్లు ఆయన చుట్టూ తిరగాలి. చెమటకు తువ్వాలు, తాగడానికి వేన్నీళ్లు, దిగగానే ఇడ్లీ. ఇల్లంటే ఎవరు? భార్య కనకలక్ష్మి. ఆవిడ అలసట మాత్రం ఎవరికీ జబ్బులా కనబడలేదు.

ఆ పొద్దున నీళ్లు తెస్తూ ఆవిడ గోడ పట్టుకుని ఆగిపోయింది. గ్లాసు జారిపడింది.

"చూశారా నాన్నా, అమ్మకీ ఆక్సిజన్ చాలట్లేదు," ఉదయ్ తేల్చేశాడు. "నువ్వూ ఎక్కమ్మా."

"ఎక్కవే. నా ఆయాసమే దారికొస్తోంది, నీ నీరసమెంత?" అంటూ దిగాడు భర్త.

"నేనెక్కను."

"మొండికెయ్యకు. ఒంటికి కాస్త వ్యాయామం ఉండాలమ్మా."

"వ్యాయామమా?" కనకలక్ష్మి కసిరింది. "కింద పంపు నుంచి మూడంతస్తులూ బిందెలు మోసేది ఎవర్రా? మీ నాన్నకు చెమట పడితే వైద్యం, నాకు పడితే వంటపనా?"

కోడలు రసజ్ఞ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉందేంటి అత్తయ్యా? రాత్రి ఏం తిన్నారు?"

ఆవిడ చెయ్యి లాక్కోబోయింది. రసజ్ఞ వదల్లేదు.

"రాత్రిళ్లు తిననమ్మా," అంది చివరికి కనకలక్ష్మి. "మీ మావయ్య ఆ గొట్టం లేకుండా, ఆయాసపడకుండా కాలనీ చివరిదాకా నడిచేవరకూ రాత్రి మెతుకు ముట్టనని మల్లన్నకు మొక్కుకున్నాను."

నర్సమ్మ గిన్నె కింద పెట్టేసింది. "ఏంది వదినా గట్లంటవ్? అన్న దినాం పొద్దుగూకంగ కాలనీ చివర మిర్చి బజ్జీల బండికాడనే ఉంటడు గద! గొట్టం లేదు, ఆయాసం లేదు. మొన్న మా ఆయనతోని పందెమేసి మెట్లన్నీ ఉరికెక్కిండు!"

సాయంత్రాలు కింద అరుగు మీద కూర్చొస్తానని చెప్పి దిగే ఆయనవైపు అందరూ తిరిగారు.

"ఎప్పట్నించండీ?" కనకలక్ష్మి గొంతు పెంచలేదు.

"వినాయకచవితి ముందు నుంచీ..."

"చెప్పలేదేం?"

ఆయన నేలచూపులు చూశాడు. "చెబితే నన్నెవరు పట్టించుకుంటారే? ఆఫీసు పోయాక నాకంటూ ఏముంది? ఈ గొట్టం పెట్టుకున్నాకే మీరంతా నా చుట్టూ తిరుగుతున్నారు."

"మీ చుట్టూ తిరగని రోజేదండీ?" అంది కనకలక్ష్మి. "పెళ్లయినప్పట్నించీ తిరుగుతూనే ఉన్నాను. మీకు కనబళ్లేదు."

ఆయన ముక్కు నుంచి గొట్టం తీసేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. సిలిండర్ కట్టేసి వంటింట్లోకి నడిచాడు. సాయానికి కదిలిన రసజ్ఞను చేత్తోనే ఆపాడు. గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. క్యారియర్లకని వండిన అన్నంలో పప్పు కలిపి, కంచం తెచ్చి భార్య ముందు కూర్చున్నాడు.

"మొక్కు ఎప్పుడో తీరిందే. నేనే దాచుకు తిన్నాను. ఇక నువ్వు తిను."

కనకలక్ష్మి మొదటి ముద్ద తింది. కన్నీళ్లు కంచంలోనే పడ్డాయి. రెండో ముద్ద దగ్గర ఆగింది.

"నెయ్యేదండీ?" తనకోసం ఆవిడ అలా అడగడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

ఆయన గబుక్కున లేచాడు. "ఎక్కడుంటుంది?"

కనకలక్ష్మి అలవాటుగా లేవబోయింది. మళ్లీ కూర్చుంది. గోడకు వీపు ఆన్చి కళ్లు మూసుకుంది.

"వెతుక్కోండి," అంది.