వల ఎత్తాక

2068 అక్టోబరు 9, ఉదయం 6 గంటల 40 నిమిషాలకు పదిహేడో నంబరు పడవ రేడియో ఆగిపోయింది. అందులో ఇద్దరున్నారు. ఒకడు వకుళ తమ్ముడు సింహాద్రి.

వకుళ రేవు షెడ్డులో తెర ముందు కూర్చుని ఉంది. పాలెంలోని ముప్పై ఒక్క పడవలకూ కలిపి ఒకటే జ్ఞాపకం. దాన్ని ఏ ఒక్క యంత్రమూ మోయదు. ప్రతి పడవ కంప్యూటరులోనూ ఒక ముక్క ఉంటుంది. ఒక పడవ రాసింది మిగతావి తమ సొంత మెమరీలో ఉన్నట్టే చదువుకుంటాయి. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రాసింది వకుళే. పేరు ‘పొత్తు’. సముద్రం మీద సిగ్నల్ తక్కువ. అందుకని ఆ జ్ఞాపకంలోని ఏ పేజీ ఎప్పుడు అందరికీ చేరాలో పడవవాళ్లే నిర్ణయించుకునే వీలు పెట్టింది. ఇంజను వేడి రాసే పేజీ సాయంత్రం చేరినా నష్టం లేదు. పడవ ఎక్కడుందో, దారిలో ఎవరిని చూసిందో రాసే స్థానం పేజీని మాత్రం ఎవరూ ఆపరనుకుంది.

వకుళ పదిహేడో పడవ స్థానం పేజీని తెరిచింది. ఖాళీ. మిగతా ముప్పై కూడా ఖాళీ. నియమం అన్నిటికీ ఒకటే: వల ఎత్తాక.

నాలుగో పడవను నడిపే సరంగు అప్పన్నను రేడియోలో పిలిచింది.

“పెదనాన్నా, సోటు ఎందుకు దాసినారు?”

“వల ఎత్తకముందు సేప ఎక్కడుందో ఎవుడు సెప్తాడే? మా అయ్య పోయేముందు నాకు సెప్పినాడు. నీ మిసనుకి సెప్పేత్తానా?”

“తమ్ముడి పడవని మీలో ఎవురో సూసే ఉంటారు. ఆ పేజీలు వదలండి.”

ఎవరూ కాదనలేదు. పది నిమిషాల్లో ముప్పై పడవలూ నియమం మార్చాయి. ఒక్క పేజీ కూడా రాలేదు. కొత్త నియమం చదివింది: మరో పడవ వదిలాక. ఒకరిది చూసి ఒకరు అదే రాసుకున్నారు. సింహాద్రి పడవను ఎక్కడ చూశారో చెబితే తమ చోటూ బయటపడుతుంది.

“ముందు అప్పన్న బావని వదలమనమ్మా,” అన్నాడు ఇరవై రెండో పడవ లచ్చన్న. “ఆయన సేపల సోటు కోసం మా నాయన బతికినంతకాలం ఎతికినాడు.”

తీరం నుంచి ఎవరి పేజీనీ బలవంతంగా తెరవడం కుదరదు. పాలెం ఆ షరతు మీదే ‘పొత్తు’కు ఒప్పుకుంది. వెతకడానికి సిద్ధంగా ఉన్న తీర గస్తీ హెలికాప్టర్ ఎటు వెళ్లాలో చెప్పమని రెండుసార్లు అడిగింది.

“పెదనాన్నా, అందరూ ఒకళ్ల ఎనకాల ఒకళ్లు నిలబడ్డారు. ముందు ఎవురూ నేరు.”

“నా కొడుక్కే ఇంకా సెప్పనేదే ఈ సోటు.”

“తెలుసు.”

“మీ వోడు ఈత బాగానే ఈదుతాడు గదా?”

“రేడియో పోయి రెండు గంటలయింది పెదనాన్నా.”

8 గంటల 52 నిమిషాలకు నాలుగో పడవ పేజీ వచ్చింది. అదే సెకనులో మిగతా ఇరవై తొమ్మిదీ వచ్చాయి. ఇరవై రెండో పడవ 6 గంటల 31 నిమిషాలకు పదిహేడో పడవను చూసింది. హెలికాప్టర్ అటు వెళ్లింది. 9 గంటల 40 నిమిషాలకు బోల్తాపడిన పడవ మీద నుంచి ఇద్దరినీ పైకి తీశారు.

అక్టోబరు 13న ముప్పై పడవలు వేటకు వెళ్లాయి. స్థానం పేజీలన్నీ మళ్లీ ‘వల ఎత్తాక’లో ఉన్నాయి. పదిన్నరకల్లా ఇరవై తొమ్మిది పేజీలు వచ్చాయి. ఆ పడవలన్నీ ఒకే చోట ఉన్నాయి. అది తొమ్మిదో తేదీన నాలుగో పడవ పేజీలో బయటపడ్డ అప్పన్న చోటు. వాటిలో పదకొండో పడవలో సింహాద్రి ఉన్నాడు.

నాలుగో పడవ పేజీ రాలేదు. సాయంత్రం ఐదింటికి అప్పన్న రేవుకు చేరాడు. అతని వల పొడిగానే ఉంది.