ఊదా గీత

నవతీరంలో ఆదివారం మధ్యాహ్నం వచ్చిందంటే జనం కంచాలు పట్టుకుని తయారయ్యేవారు. వారానికి ఆ ఒక్క పూటే తలా ఒక చేపముక్క. మిగతా రోజులన్నీ నాచుపిండి రొట్టెలే. కుజగ్రహం మీద అద్దాల గుమ్మటం కింద ఆరువందల నలభై మంది బతికే ఆ ఊళ్ళో సముద్రమంటే పన్నెండు లక్షల లీటర్ల ఉప్పునీటి తొట్టె. దానికి ‘కడలి’ అని పేరు. ఆ గాజుగోడ ముందు కాసేపు నిలబడి పండుగప్ప చేపలు తిరగడం చూస్తేగాని చాలామందికి పొద్దు గడిచేది కాదు.

కడలి బాధ్యత జీవశాస్త్రవేత్త మైలపల్లి నూకరత్నానిది. నీటిని వడగట్టే యంత్రాలు మొరాయించి, భూమి నుంచి విడిభాగాలు రావడానికి ఇంకా పద్నాలుగు నెలలు పడుతుందని తెలిసినప్పుడు, ఊరంతా చేపల మీద ఆశ వదులుకుంది. నూకరత్నం మాత్రం ఆలిచిప్పలను నమ్ముకుంది.

ఆలిచిప్ప ఒక గొట్టంతో నీళ్ళు పీలుస్తుంది. అందులోని మడ్డినీ నాచునూ మొప్పల జల్లెడతో పట్టి మింగి, ఇంకో గొట్టంలోంచి తేటనీళ్ళు వదులుతుంది. ఇది లోకం పుట్టినప్పటి నుంచీ అది చేస్తున్న పనే. నూకరత్నం దానికి మరో పని నేర్పింది. చిప్ప పెంకు రోజుకో సన్నని పొర చొప్పున పెరుగుతుంది కదా, నీటిలో పరాయి రసాయనం రవ్వంత కలిసినా ఆనాటి పొర రంగు మారేలా జన్యువులను సవరించింది. నూనె కలిస్తే గోధుమ గీత, లోహం కలిస్తే నీలం, క్రిమినాశిని కలిస్తే ఊదా. పొరలు లెక్కపెట్టుకుంటూ పోతే ఏ రోజు ఏం కలిసిందో చెప్పవచ్చు. వాటిని ‘సాక్షిచిప్పలు’ అంది. ఆ గీతలు చదివే పని ఊరి కంప్యూటర్ ‘గణని’కి అప్పగించింది.

నాలుగువేల చిప్పలు వదిలిన రెండు నెలలకు కడలి అద్దంలా తేరింది. మూడో నెలలో రెండో విడత వదిలారు. ఆ తర్వాతి వారమే మొదటి ఊదా గీత పడింది.

ఆరు రోజులకు ఇంకొకటి. మళ్ళీ ఆరు రోజులకు మరొకటి. పండుగప్పలు మేత ముట్టడం మానేశాయి. చిప్పలు సగానికి సగం నోళ్ళు మూసుకున్నాయి. నూకరత్నానికి కూర్చుంటే కుదురులేదు, నిలబడితే నిలకడ లేదు. తింటున్న రొట్టె వదిలేసి తొట్టె దగ్గరికి పరుగెత్తేది. అక్కడ ఏమీ కనిపించక వెనక్కి వచ్చేది. వచ్చిన రెండు నిమిషాలకే మళ్ళీ బయల్దేరేది.

“ఆరో రోజున కడలి దగ్గర ఎవరుంటున్నారు?” అని గణనిని అడిగింది.

“ప్రతి ఆరో రోజూ ఊరంతా శుభ్రత రోజు. కడలి గాజు తుడిచేది సూరాడ ఎర్రయ్య.”

ఎర్రయ్య కడలికి కాపలాదారు. యాభై ఏళ్ళు దాటినవాడు. భూమి మీద ఉన్నప్పుడు పూడిమడక తీరంలో చేపల వేటకు వెళ్ళిన మనిషి. వరస కాకపోయినా, ఒకే తీరంవాళ్ళు కాబట్టి నూకరత్నం ఆయనను మావా అనేది.

ఊరి పెద్ద ఇందుశేఖర్ ఇద్దరినీ పిలిపించాడు. బల్ల మీద ఊదా గీతలున్న చిప్ప ఒకటి పెట్టి, “ఇదేమిటో తెలుసా ఎర్రయ్యా? నువ్వు గాజు తుడిచిన రోజులన్నీ ఇందులో ఉన్నాయి” అన్నాడు.

ఎర్రయ్య చిప్పను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఉప్పునీటిలో పుట్టి పెరిగినోణ్ణి బాబూ. నీటికి ఇసం ఎడతానా? ఒట్టి గుడ్డతోనే తుడిసాను. రత్నమ్మా, నువ్వైనా సెప్పమ్మా.”

నూకరత్నం తల వంచుకుంది. “నేను చెప్పేదేముంది మావా? చిప్ప చెబుతోంది.”

మర్నాటి నుంచి ఎర్రయ్యను గుమ్మటం బయట సౌరఫలకాల మీద దుమ్ము తుడిచే పనికి వేశారు.

ఆరు రోజులు గడిచాయి. కొత్త ఊదా గీత పడింది.

నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. ఇంకో ఆరు రోజులు గోళ్ళు కొరుక్కుంటూ కాచుకుంది. మళ్ళీ పడింది. ఈసారి తొట్టెకు వచ్చే గొట్టాలన్నీ చేత్తో తడుముకుంటూ మొదటి నుంచీ నడిచింది. పదకొండో గొట్టం ఒక తలుపు కిందుగా దూరి లోపలికి పోయింది. ఆ తలుపు తన ప్రయోగశాలదే.

లోపల మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. రెండో విడత పిల్లచిప్పలను త్వరగా కడలిలోకి పంపాలన్న హడావిడిలో పళ్ళేల తూము నుంచి కడలికి ఆ గొట్టాన్ని కలిపింది తనే. పని అయ్యాక కవాటం కట్టేయడం మరిచిపోయింది. ప్రతి శుభ్రత రోజునా పిల్లచిప్పల పళ్ళేలను క్రిమినాశినితో కడిగి ఆ నీళ్ళు అదే తూములో పారబోస్తున్నదీ తనే. అవి మురికినీటిని కాచి ఆవిరి చేసే కొలిమికి పోతున్నాయనుకుంది. నేరుగా కడలిలోకి పోతున్నాయి.

 కవాటం బిగించింది. గొట్టం ఊడదీసింది.

“ఎర్రయ్య వెళ్ళాక రెండు గీతలు పడ్డాయి. కారణం ఏమని నమోదు చేయను?” అని అడిగింది గణని.

నిజం రాయిస్తే రేపు ఇందుశేఖర్ ఎదుట నిలబడాలి. భూమి మీద మూడు సంస్థలు ఈ చిప్పల కోసం ఎదురుచూస్తున్నాయి. కనిపెట్టిన మనిషే నీళ్ళు పాడుచేసిందంటే ఇక నమ్మేదెవరు? ఇవన్నీ ఒక్క క్షణంలో ఆమె బుర్రలో గిర్రున తిరిగాయి.

“గాజు అంచుల్లో మిగిలిన పాత క్రిమినాశిని కరిగిందని రాయి.”

“అందుకు ఆధారం లేదు. అలాగే రాయమంటారా?”

“రాయమన్నాను కదా!”

“రాశాను.”

నెల తిరక్కుండానే పండుగప్పలు మేతకు ఎగబడ్డాయి. ఆదివారం చేపముక్క మళ్ళీ కంచంలోకి వచ్చింది. జనం ఎదురుపడి ఆమె చేతులు పట్టుకుంటుంటే, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిన్నది ఒంటబట్టలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, ఎర్రయ్యకైనా నిజం చెప్పేయాలని నిశ్చయించుకుని బయటి ద్వారం దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పుడే లోపలికి వచ్చి శిరస్త్రాణం తీస్తున్నాడు. దాని అద్దం మీద ఎర్రదుమ్ము పేరుకుంది.

“మావా, నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను.”

“నానే నీకాడికి వొద్దావనుకుంతన్నానమ్మా. ముందు నన్ను సెప్పనీ.” ఎర్రయ్య బల్ల మీద కూలబడ్డాడు. “తొలీత శానా కోపం వొచ్చింది. మనిసెవుడైనా నా మీద సెప్పుంటే సచ్చినా ఒప్పుకుందును కాదు. కానీ ఆ సిప్పలకి నామీద పగేటుంటాది? నోరు లేని జీవాలు, అబద్దమాడవు కదా. నిద్దరట్టక ఆలోసించాను. గుడ్డకి అంటుకుందో, నా సేతులకే అంటుకుందో. నాకు తెలీకుండా నానే సేసుంటాను. అన్నన్ని సేపలు పస్తులున్నాయి నా వొల్ల. తప్పు కాయమ్మా.”

ఆయన రెండు చేతులూ జోడించాడు. తొడుగుల్లో రోజంతా ఒరుసుకుని పగిలిన చేతులు. నూకరత్నం ఆ చేతులను పట్టుకుని కిందికి దించింది.

“పోనీలే మావా,” అంది. “మనసులో పెట్టుకోకు. ఎవరైనా పొరపాటు పడతారు.”

ఎర్రయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్ని రోజుల తర్వాత ఆయన ముఖం తేటపడింది.