శక్తిబీజం

2074 నాటికి విజయనగరం వ్యాయామశాలల్లో క్రియాటిన్ పొడి డబ్బాలు కనబడడం మానేశాయి. ఒక్క ఉదుటున బలం చూపాల్సినప్పుడు కండలో ఖర్చయ్యే ఇంధనాన్ని చప్పున తిరిగి నింపేది క్రియాటిన్. దాన్ని రోజూ నీళ్లలో కలుపుకుని తాగే పని లేకుండా, కండలోనే తయారుచేసి ఇచ్చే బియ్యపుగింజంత జీవయంత్రం వచ్చింది. దాని పేరు శక్తిబీజం. అందులో కొత్త రకాన్ని పరీక్షించడానికి నలభై మంది యువతీయువకులను ఎంచుకున్నారు. వాళ్లలో ఇరవై రెండేళ్ల వెయిట్‌లిఫ్టర్ నీలవేణి ఒకతె.

తొడలో బీజం పెట్టిన ఎనిమిదో వారానికి ఆమె ఎత్తే బరువు పన్నెండు కిలోలు పెరిగింది. కోపమూ పెరిగింది. ఎవరేమన్నా పడేది కాదు.

ఆ సోమవారం ఉదయం, తనకన్నా రెండు కిలోలు ఎక్కువ ఎత్తిన స్నేహితురాలు చిన్మయి నవ్వుతూ, "ఏటే, నీ గింజ నిద్దరోయిందేటి?" అంది.

నీలవేణి తోసింది. చిన్మయి వెనక్కి విరుచుకుని, ఇనుప చట్రానికి మెడ కొట్టుకునేలా పడింది. ఆస్పత్రికి చేర్చేసరికి ఆమెకు చేతులు కదలడం లేదు.

నీలవేణి ప్రయోగశాలకు పరుగెత్తింది. "నాను కాదు మేడమ్, అదే తోయించింది! తీసీండి దాన్ని. రేపు మా అమ్మ మీద చెయ్యెత్తీగలను. బయ్యమేస్తంది."

పరీక్ష నడుపుతున్న డాక్టర్ షకీలా సీలు వేసిన జాబితా తెరిచింది. చదివాక స్కానర్‌తో నీలవేణి తొడను కూడా చూసుకుంది.

"సగం మందికి ఖాళీ గింజలు పెట్టాం. ఎవరికి ఏది పెట్టామో ఇప్పటిదాకా నాకూ తెలీదు. నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఆ సంగతి ఉంది. నీ గింజలో ఉన్నది ఉప్పునీళ్లే."

"మరి పన్నెండు కేజీలు?"

"అది నువ్వు పడ్డ కష్టం."

"మరి... చిన్మయి?"

డాక్టర్ జాబితా మూసింది.

నీలవేణి ముందుకు వంగి డాక్టర్ మణికట్టు పట్టుకుంది. "నాకు పెట్టింది అసలుదేనని రాయండి మేడమ్."

"అలా రాయలేను."

"రాయండి."

"నొప్పెడుతోంది, వదులు."

ఆ పట్టు ఎవరిదో ఈసారి నీలవేణికి తెలుసు. అయినా వదల్లేదు.