తాళంచెవి తిరిగి ఇచ్చిన రోజు

"ఓనర్ అయితే? ముందు ఫోన్ చేసి రావాలని తెలీదా?"

తలుపు గొలుసు సందులోంచి ఒక కన్ను, సగం కళ్ళజోడు మాత్రమే కనిపించాయి. బయట నిలబడ్డది ఆ ఇంటి కొత్త ఓనరు. అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే బ్యాంకు వాయిదాలు గట్టెక్కించుకుందామని జీవితంలో మొదటిసారి ఇల్లు కొన్నాడు. ఇంటితో పాటు అందులో అద్దెకున్నవాళ్ళు కూడా సంక్రమించారు. మొదటి రోజే గట్టిగా ఉండాలని బాబాయ్ నేర్పిన మాటలన్నీ దారి పొడవునా బట్టీ పట్టుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే "సారీ అండి" తప్ప ఇంకేమీ రాలేదు.

బాబాయ్ ఇళ్ళు అద్దెకివ్వడంలో తలపండినవాడు. ఈ కొత్త ఓనరేమో డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపు అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచడమే ఉద్యోగం. ఎదురుగా ఏమీ లేకపోయినా తొక్కేస్తాడని నేర్చుకునేవాళ్ళు గొణుక్కుంటారు. ఆ సంగతి తెలిశాక, తలుపు సందులోంచి గద్దించిన ఆ అమ్మాయి అతనికి బ్రేకు మాస్టారు అని పేరు పెట్టేసింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఇంట్లో తనూ, అమ్మమ్మా. అద్దె ఆలస్యమయ్యేది కాదు గానీ, వంటింటి కుళాయి మాత్రం కారుతూనే ఉండేది. చిన్న రిపేర్లకి మనిషిని పిలిస్తే మిగిలేదేమీ ఉండదని బాబాయ్ చెప్పాడు కదా, అందుకని అతనే స్పానర్ పట్టుకుని వెళ్ళి వాషర్ మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ కారింది. మళ్ళీ వెళ్ళాడు. అతను సింకు మీదకి వంగితే ఆమె పక్కన టార్చి పట్టుకునేది. ఆ వెలుగు కుళాయి మీద కంటే అతని మొహం మీదే ఎక్కువ పడేది.

"మీ రిపేరుకి ఆయుష్షు ఇంతేనా అండీ?"

"మీరు మరీ గట్టిగా తిప్పుతున్నారేమో."

"నేను దాంతో మర్యాదగానే ఉంటున్నాను. మిమ్మల్ని చూడందే దానికే తోచట్లేదు."

అవతల గదిలో అమ్మమ్మ నవ్వాపుకోలేక దగ్గేది. ఒక్కసారికే పని తెమిలేలా బిగించడం అతనికీ చేతనవును. కానీ ఎందుకో చెయ్యి వచ్చేది కాదు.

ఒకరోజు పని అయిపోయినా వాన వదల్లేదు. కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతుంటే ఆమె తాము మారిన ఇళ్ళ గురించి చెప్పింది. ఓనర్లు ఖాళీ చేయమనే ముందు భలే మంచిగా మాట్లాడతారనీ, అందుకే అతను టీ బాగుందంటే తనకి గుండె దడ పుడుతుందనీ నవ్వుతూ అంది. అతనూ నవ్వేశాడు. అందులో నవ్వాల్సిందేమీ లేదని అప్పుడు తట్టలేదు.

ఆ వానలోనే, ఆమె అంటే తనకి ఇష్టమని అతనికి అర్థమైపోయింది. ఇంటికెళ్ళి మొదట బాబాయ్‌కే చెప్పాడు. బాబాయ్ కోప్పడలేదు. చాలాసేపు ఆలోచించి ఒకే మాట అన్నాడు.

"ఒరేయ్, ఆ పిల్ల నీ ఇంట్లో ఉంటోంది. నువ్వు అడిగితే కాదని ఎలా అంటుందిరా? అవునందనుకో, అది నీ కోసమో, తలమీద కప్పు కోసమో నీకెలా తెలుస్తుంది?"

ఆ మాట ముల్లులా దిగింది. ఓనరుగా ఉండి అడగకూడదు అనుకున్నాడు. ముందు ఆమె తన ఇంట్లోంచి బయటికి రావాలి. తాళంచెవి ఇచ్చేసి, ఏ మొహమాటమూ లేకుండా కాదనగలిగే చోట నిలబడాలి. అప్పుడు అడగాలి. ఎంత న్యాయంగా ఆలోచించాడో అంత తెలివితక్కువగా ఆలోచించాడు పాపం.

అగ్రిమెంట్ మళ్ళీ రాయడం లేదనీ, నెలాఖరుకి ఖాళీ చేయాలనీ చెప్పాడు. కారణం తాళంచెవి ఇచ్చే రోజు చెప్తానన్నాడు, లోపల పొంగుతున్న సంతోషం దాచుకోలేక చిన్నగా నవ్వుతూ. ఆమె ఆ నవ్వు వంక చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అలాగేనండి" అంది.

ఆ తర్వాత కుళాయి కారిందని ఫోన్ రాలేదు.

తాళంచెవి ఇచ్చే రోజున గదులు బోసిగా ఉన్నాయి. అమ్మమ్మ అప్పటికే కింద సామాన్ల బండిలో కూర్చుంది. ఆ అమ్మాయి అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి కుళాయి తిప్పి, కట్టి చూపించింది.

"ఇక కారదు. గట్టిగా బిగించాను."

"మీకు వచ్చా?"

"రోజంతా కళ్ళజోళ్ళ స్క్రూలతోనే కదండీ నా పని. బిగించడం వచ్చు. వదులు చేయడం కూడా వచ్చు."

అతనికి ఇన్నాళ్ళూ ఆ కుళాయిని ఎవరు వదులు చేశారో తెలిసిపోయింది. ఆమె తాళంచెవి అతని అరచేతిలో పెట్టింది. ఇక ఆగలేకపోయాడు.

"ఇప్పుడు నేను మీ ఓనర్ని కాను. ఈ మాట అడగడానికే ఖాళీ చేయమన్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె గోడకి ఆనుకుంది.

"ఈ ఇంట్లో ఉన్నప్పుడే అడిగితే కాదంటానని భయపడ్డారా?"

"కాదనలేరేమోనని భయపడ్డాను."

ఆమె కళ్ళు నిండిపోయాయి. "మీరు ఖాళీ చేయమన్న రోజు అమ్మమ్మ అన్నం ముట్టలేదు. ఇంకో ఇల్లు మారే ఓపిక లేదంది. ఎప్పటినుంచో అడుగుతున్న సంబంధం ఒకటుంది. వాళ్ళది సొంతిల్లు. అక్కడైతే అమ్మమ్మని ఎవరూ పొమ్మనరని ఒప్పుకున్నాను. మాట ఇచ్చేశాం. ఆయన మంచివాడండీ. మధ్యలో ఆయన చేసిన తప్పేముంది?"

అతను తల ఊపాడు. ఏం చెప్పినా అది ఆమె మీద ఇంకో బరువే అవుతుంది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఈ ఇల్లు మీది కాకపోయినా అవుననేదాన్ని, బ్రేకు మాస్టారూ."

బండి మలుపు తిరిగే దాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

కొన్నాళ్ళకి బాబాయ్ కొత్తవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. వయసు మళ్ళిన దంపతులు. గదులన్నీ తిరిగి చూసుకున్నారు, కుళాయి తిప్పి చూసుకున్నారు. ఇల్లు నచ్చింది గానీ, ఉన్నట్టుండి ఖాళీ చేయమంటే ఎలాగని ఆ పెద్దావిడ భయంభయంగా అడిగింది.

"నేను ఎప్పుడూ ఖాళీ చేయమననండీ" అన్నాడు అతను.

అలా మాటివ్వకూడదని బాబాయ్ మోచేత్తో పొడిచాడు. అతను ఆ కుళాయి వైపే చూస్తూ, అదే మాట ఇంకోసారి మెల్లగా అన్నాడు.