ఏనుగుని తీసేయమన్న అమ్మాయి

"మీ నవల వేస్తున్నాం. కంగ్రాచ్యులేషన్స్! కానీ ఏనుగుని తీసేయాలి," అంది ఎడిటర్.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అతనికి ఎగిరి గంతెయ్యాలో, తల పట్టుకోవాలో తెలియలేదు. బడికెళ్ళే ఏనుగు గురించి పిల్లల కోసం రాసిన మొదటి నవల అది. ఏనుగుని తీసేస్తే ఇక మిగిలేది బడే.

"అదే కదండీ హీరో!"

"మొదటి అధ్యాయంలోంచి మాత్రమే. పిల్లలు దానికోసం ఎదురుచూడాలి. అయినా పూర్తిగా వినకుండా అలా బెంబేలెత్తిపోతారేంటండీ?"

"మీరు పూర్తిగా చెప్పలేదు కదా!"

ఆమె నవ్వు ఆపుకుంటూ కిటికీలోంచి బయటకి చూసింది. కోపమో, ఏమిటో అతనికి అంతుపట్టలేదు.

అప్పట్నుంచీ ప్రతి శనివారం ఆ ఇరుకు ఆఫీసులో, ప్రూఫుల గుట్టల మధ్య, ఇద్దరికీ యుద్ధమే. ఆమె ఎర్ర పెన్సిల్‌తో వాక్యాలు కొట్టేసేది. అతను వాటి తరఫున వాదించి, ఓడిపోయి, ఇంటికెళ్ళి తిరగరాసేవాడు. తీరా చూస్తే కథ ముందుకన్నా బావుండేది. అది ఇంకా ఉక్రోషం.

ఒకరోజు ఆమె పేజీ అంచున 'ఎంత బావుందో' అని రాసి, మళ్ళీ కొట్టేసింది.

"అలా రాసి కొట్టేసిందంటే అర్థం ఏంటక్కా?" అని ఇంట్లో అక్కనడిగాడు.

"పుస్తకం గురించి అడుగుతున్నావా, ఆ అమ్మాయి గురించా?"

"పుస్తకం గురించే!"

"అయితే నాకు తెలీదు. అమ్మాయి గురించైతే చెప్పేదాన్ని," అని అక్క బట్టలు మడతపెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే సీనియర్ ఎడిటర్ ఫోన్ చేశాడు. "మీ పుస్తకం ఇకనుంచి నేను చూస్తాను బాబూ. ఆ అమ్మాయి తప్పుకుంటానంది."

అతని మనసు చివుక్కుమంది. ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన చదువుకునే కళ్ళజోడుకి నల్లద్దాలు బిగించి, ఓనరు చేత చీవాట్లు తిన్నాడు. ఇక ఉండబట్టలేక, పర్మిషన్ అడిగి, వానలో తడుస్తూ ఆమె ఆఫీసుకి వెళ్ళాడు.

"నా పుస్తకం అంత చెత్తగా ఉందా?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ఎవరన్నారు?"

"మరి ఎందుకొదిలేశారు?"

"అందులో తప్పులు కనబడటం మానేశాయి. ఎడిటర్‌కి అలా అయితే ఎలా?"

"తప్పులు లేవేమో!"

"ఉన్నాయి. పేజీకి పది. అన్నీ ముద్దొస్తున్నాయి."

"అంటే... నవల బావున్నట్టా, లేనట్టా?"

"నవల సంగతి కాదండీ బాబూ!"

"మరి?"

ఆమె నుదురు కొట్టుకుంది. తర్వాత కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు నిదానంగా అంది: "మీరంటే నాకు ఇష్టం. అర్థమైందా?"

వాన చుక్కలు అతని జుట్టులోంచి కారి, బల్ల మీది ప్రూఫులని తడుపుతున్నాయి. ఇద్దరూ పట్టించుకోలేదు.

"నాక్కూడా," అన్నాడు.

"'నాక్కూడా' ఏంటి? వాక్యం పూర్తి చేయండి."

పూర్తి చేశాడు. ఆమె అందులో ఒక్క మాట కూడా కొట్టేయలేదు.