దీపపు గుంటలు

ఆ ఉదయం మాదాపూర్ మీద మబ్బు కమ్మింది గానీ చినుకు రాల్చలేదు. కొత్తగా లేచిన గుండ్రటి టవర్ అద్దాలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. కాలేజీ గేటు దగ్గర మధు ఆకాశం వంక చూస్తూ, వాన గట్టిగా కొట్టి క్లాసు ఎగిరిపోతే బాగుండునని మొక్కుకున్నాడు.

రామచంద్రం సారు ఆ ఏడు హిస్టరీ పాఠాలు చెప్పడం మానేశారు. "మీరే గ్రూపులుగా చెప్పండి. నేను వెనక బెంచీలో కూచుని వింటాను" అన్నారు. తప్పు చెప్తే గ్రూపంతటికీ సున్నా. మధు, రసజ్ఞ ఒక గ్రూపు. పాఠం, ఈ చుట్టుపక్కల రాళ్లు చెప్పే చరిత్ర.

కాకినాడ నుంచి వచ్చిన రసజ్ఞకు మాటలెక్కువ. మధుకు తక్కువ.

"నీకు మాటలు రావా, లేక నేనంటే భయమా?" అని మొదటి రోజే అడిగింది.

"రెండోదే" అన్నాడు మధు.

పోయిన ఆదివారం దుర్గం చెరువు దగ్గర ఒక బండ మీద ఆమెకు గుంటలు కనిపించాయి. వరసగా, జానెడుకొకటి, బొటనవేలు పట్టేంత.

"మధూ! పూర్వం కాపలా సైనికులు దీపాలు పెట్టుకున్న గుంటలివి! ఇంకేం కావాలి మనకి?"

మర్నాడు నూనె, వత్తి, అన్నయ్య కెమెరా పట్టుకొచ్చింది. దీపం వెలిగించింది. గాలికి ఆరిపోబోతుంటే మధు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ వెలుగులో ఆమె మొహం చూశాక, చెప్పాల్సిన మాట పక్కన పెట్టి చేతులు ఇంకాస్త దగ్గరకు చేర్చాడు.

అవి దీపపు గుంటలు కావు. నిరుడు ఎండాకాలం అతని తండ్రి కొమురయ్య ఆ బండను చీల్చడానికి తొలిచినవి. ఇక రాళ్లు చాలని మేస్త్రీ అనడంతో సగంలో వదిలేశాడు.

వాన రాలేదు. క్లాసు జరిగింది. రసజ్ఞ ఫోటో చూపించి గలగలా చెప్పుకుపోతోంది.

"దీపాలకే అనడానికి ఆధారమేమిటమ్మా?" వెనక బెంచీ నుంచి సారు అడిగారు.

రసజ్ఞ తడబడి మధు వైపు తిరిగింది. "నువ్వూ చూశావుగా. చెప్పు."

మధు లేచాడు. "దీపాలకు గాదు సార్. గవి మా నాయిన కొట్టిండు."

క్లాసు గొల్లుమంది. రసజ్ఞ ఫోటోను బల్ల మీద పెట్టేసింది.

"తెలిసి కూడా నన్నిలా నిలబెట్టావా? అప్పుడే చెప్పచ్చుగా!"

"నువ్వు గంత సంబురంగ దీపం ముట్టిస్తుంటె... ఆర్పబుద్ధి కాలే."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఈల వేశారు. సారు మాత్రం, "కూచోకు. మిగతా పాఠం నువ్వే చెప్పు" అన్నారు.

రసజ్ఞ చాక్‌పీసు అతని చేతికిచ్చింది.

మధు బోర్డు మీద బండ గీశాడు. "ముందుగాల సుత్తెతోని కొట్టి, చప్పుడును బట్టి లోపట పగులున్నదో లేదో చూడాలె. గుంటలు తొలిచి ఇనుప చీలలు దిగేస్తం. ఒక్కదాన్నే గట్టిగ కొడితె పని ఖరాబైతది. అన్నిటికీ వరసగ తలా ఒక దెబ్బ. అప్పుడు బండ దానంతటదే సక్కగ రెండుగ ఇచ్చుకుంటది. పాత కోట రాళ్ల అంచులు చూడుండ్రి సార్, గిసువంటి గుర్తులే."

అతను అంతసేపు మాట్లాడటం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. రసజ్ఞ చార్టు మీద 'దీపపు గుంటలు' కొట్టేసి, 'కొమురయ్య గుంటలు' అని రాసింది.

"సున్నా వేద్దామనే పెన్ను తీశాను" అన్నారు సారు. "మీరే దిద్దుకున్నారు. పెన్ను మూసేస్తున్నా."

మధ్యాహ్నం వరండాలో కూచునేసరికి చినుకులు మొదలయ్యాయి.

"ఇంకెప్పుడైనా నాది తప్పని తెలిసీ ఊరుకుంటావా?"

"ఊకోను."

"ఎన్నాళ్లు?"

"నువ్వు మాట్లాడినన్ని దినాలు."

"నేను బతికున్నంత కాలం మాట్లాడతాను బాబూ!"

"గదే చెప్తున్న."

రసజ్ఞ అతని డబ్బాలోంచి వాళ్లమ్మ లచ్చమ్మ చేసిన జొన్నరొట్టె తీసి రెండు చేసింది. సగం అతనికిచ్చి, దాని మీద తన దోసకాయ పప్పు వేసింది. వాన పెరిగింది. ఇద్దరూ చివరి ముక్క దాకా మాట్లాడకుండా తిన్నారు. రసజ్ఞ కూడా.