మొగతిప్పలో రెండో పిలుపు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్లచ్ ప్లేట్లు అమ్మే షాపు ఒకటుంది. అక్కడ క్లచ్ ప్లేట్లు నిజంగానే అమ్ముతారు, బిల్లు కూడా ఇస్తారు. కాకపోతే కౌంటర్ వెనక గ్రీజు మరకల తలుపు తోసుకుని వెళితే ఏసీ గది, గోడనిండా స్క్రీన్లు, వాటి ముందు రామకోటేశ్వరరావు ఉంటారు. ఇరుగుపొరుగుకి ఆయన స్పేర్ పార్ట్స్ రావుగారు. ఢిల్లీలో కొద్దిమందికి మాత్రం సీక్రెట్ సర్వీస్ కోస్తా విభాగం చీఫ్.

"కూర్చో జ్ఞానేశ్వర్. ముందిది విను."

ఆయన మౌస్ నొక్కారు. స్పీకర్లో గరగర, చిన్న దగ్గు, ఆ తరవాత ఒక మగగొంతు.

"వెంకటప్పయ్యా, పడవ పంపించవయ్యా. ఇంటికెళ్ళాలి."

జ్ఞానేశ్వర్ వెంటనే గుర్తుపట్టాడు. తనకి పిస్టల్ పట్టుకోవడం నేర్పిన గొంతు అది.

"పవనన్న," అన్నాడు.

"అవును. ఆర్నెల్ల కిందట మొగతిప్పలో మాయమైన మన పవన్‌కుమార్. శవం దొరకలేదు. అప్పట్నుంచీ ఆ ఊరి జాలర్ల వైర్‌లెస్ సెట్లలో ఈ గొంతు అప్పుడప్పుడు వినిపిస్తోంది. తక్కువ పవర్ కాబట్టి ఊరు దాటి రాదు. చేపలు కొనడానికి వెళ్ళిన మనవాడొకడు సెల్‌లో ఇంత ముక్క పట్టుకొచ్చాడు. గొంతు వచ్చిన ప్రతిసారీ, మర్నాటికల్లా అక్కడి రాడార్ స్టేషన్ సమాచారం సరిహద్దు అవతల తేలుతోంది. ఊళ్ళోవాళ్ళు దయ్యం అంటున్నారు. నా సర్వీసులో దయ్యాలు డేటా అమ్మగా చూడలేదు."

"అంటే అన్న బతికుంటే..."

"బతికుంటే వాళ్ళ మనిషి. వాళ్ళ మనిషి కాకపోతే లేనట్టే. ఏదో ఒకటి తేల్చుకురా. నిన్న రాడార్ మాస్టర్ కోడ్‌ని ఎవరో కాపీ చేశారు. అది తీరం దాటితే మనకి కళ్ళు పోయినట్టే."

బెంజ్ సర్కిల్ దాటుతుంటే పవన్ భార్య శ్రీదుర్గ ఉండే అపార్ట్‌మెంట్ వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు జ్ఞానేశ్వర్. కర్మ చేయించమని చుట్టాలు, చేయించనని ఆవిడ. అన్న ద్రోహి అయి బతికుండాలని కోరుకోవాలా, నిజాయితీగా చచ్చిపోయి ఉండాలని కోరుకోవాలా? ఇలాంటి కోరిక పగవాడికి కూడా రాకూడదు అనుకున్నాడు.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన, చెరుకు లారీలు వెనకబడ్డాయి. మొగతిప్ప చేరేసరికి అతను ట్రావెల్ వ్లాగర్ అయిపోయాడు. తలమీద టోపీ, చేతిలో సెల్ఫీ స్టిక్. ఆ స్టిక్ నిజానికి సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పే డైరెక్షన్ ఫైండర్.

కాలవ వచ్చి సముద్రంలో కలిసే చోట, మొగ దగ్గర ఉంది ఊరు. వలలు, ఎండుచేపలు, పడవలు, అన్నీ ఉన్నాయి. ఊరికి ఉండాల్సిన సందడి మాత్రం లేదు. పిల్లలు కూడా గొంతు తగ్గించి ఆడుకుంటున్నారు. ఎవరి గుమ్మం ముందు నిలబడినా లోపల మన మాట కోసం ఎవరో చెవి ఒగ్గి ఉన్నట్టు అనిపిస్తుంది.

కాలవ ఎగువన అక్షయ నడిపే బీచ్ కాటేజీలున్నాయి. ఆమె డిపార్ట్‌మెంట్‌కి లోకల్ ఇన్ఫార్మర్. నల్లకళ్ళజోడు, తెల్ల లినెన్ చీర, పలకరిస్తే చాలు పాపం ఏ మగవాడైనా నిజం చెప్పేసేంత చక్కటి నవ్వు. ఆమె కాళ్ళ దగ్గర, ఫ్యాన్ కింద, మంచుదేశపు హస్కీ కుక్క నాలుక వేలాడేసుకుని పడుంది.

"ఇక్కడ మామిడి తాండ్ర దొరుకుతుందా అండీ?" అన్నాడు జ్ఞానేశ్వర్, కోడ్ ప్రకారం.

"తాండ్ర లేదు, ఎండు రొయ్యలున్నాయి," అందామె, అదీ కోడ్ ప్రకారమే.

కుక్క లేచింది. మొరగలేదు. మెడ పైకెత్తి సాగదీసి ఊళ పెట్టింది. కాలవ అవతల ఒక ముసలామె గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"పవన్ మాయమైన రోజు మీరెక్కడున్నారు?"

"విజయవాడలో. కాటేజీలకి తాళం వేసి, దీన్ని కూడా తీసుకెళ్ళాను. ఉండి ఉంటే ఆయన్ని కాపాడేదాన్నేమో." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "జ్ఞానేశ్వర్ గారూ, దీపాల వేళ ఆ గొంతు వస్తే మీరూ సెట్ కట్టేసి తలుపేసుకోండి. అది మనుషులతో తేలే వ్యవహారం కాదు."

పొద్దు వాలుతుండగా అతను రేవు పక్కన తెరేసమ్మ టీకొట్టులో కూర్చున్నాడు. చెక్కబల్ల మీద వైర్‌లెస్ సెట్ ఉంది. మూల స్టూల్ మీద ఒక పెద్దాయన బీడీ వెలిగించకుండానే పట్టుకుని కూర్చున్నాడు. రేవులో పడవలు తిప్పే వెంకటప్పయ్య ఆయనే.

"ఆ గొంతు మీ పేరే పిలుస్తుందటగా బాబాయ్?"

"నా పేరేనయ్యా," అన్నాడాయన సెట్ వైపు చూడకుండా.

తెరేసమ్మ టీగ్లాసు పెట్టింది. "మా ఊళ్ళో ఒక పద్ధతుందండీ. పోయినోళ్ళు ఒక్కసారే పిలుస్తారు, పలికితే తీసుకుపోతారు. అందుకని మేం సెట్లో ఎవరినైనా రెండుసార్లు పిలుస్తాం. ఒక్కసారి పిలిస్తే ఎవరూ పలకరు. ఆ విజయవాడ ఆయనకి ఈ సంగతి తెలీదు కదా."

"ఆ రోజు నిజంగానే పిలిచాడయ్యా," అన్నాడు వెంకటప్పయ్య. "బతికున్న మనిషి. ఒక్కసారే పిలిచాడు. నేను పలకలేదు. మళ్ళీ పిలవలేదు. ఇప్పుడేమో వదలట్లేదు. వదలకపోవడం న్యాయమేలే."

ఆయన కళ్ళలో నీళ్ళు లేవు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మనిషి మొహం అది. జ్ఞానేశ్వర్‌కి ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

దీపాల వేళ అయింది. సెట్లో గరగర మొదలైంది. చిన్న దగ్గు.

"వెంకటప్పయ్యా, పడవ పంపించవయ్యా. ఇంటికెళ్ళాలి."

ఊరంతా ఒక్కసారి తలుపులు మూసుకున్న చప్పుడు. తెరేసమ్మ చెయ్యి స్విచ్ మీదకి వెళ్ళింది. జ్ఞానేశ్వర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కట్టెయ్యకండి."

"వద్దు బాబూ, మంచిది కాదు."

"ఇంకోసారి పిలుస్తాడేమో చూద్దాం. ఇన్నాళ్ళలో ఎప్పుడైనా చూశారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చూడలేదు. ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. మొదటి పిలుపుకే సెట్ కట్టేసే ఊరికి రెండోది వినే అవకాశం ఎక్కడిది? స్టిక్ మీది సూది సముద్రంలో గొలుసుకి కట్టి తేలుతున్న ఏదో బోయా వైపు చూపిస్తోంది. దాని చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

గరగర. చిన్న దగ్గు.

"వెంకటప్పయ్యా, పడవ పంపించవయ్యా. ఇంటికెళ్ళాలి."

వెంకటప్పయ్య స్టూల్ మీంచి లేచాడు. "రెండోసారి పిలిచాడు. అంటే మనిషే. బతికున్నాడయ్యా."

జ్ఞానేశ్వర్ గుండె కూడా ఒక్క క్షణం అదే మాట అంది. మూడోసారి వచ్చేదాకా. అదే దగ్గు. అదే విరుపు. చివర్లో, గరగర వెనక, సన్నగా సాగే కుక్క ఊళ. రెండోసారీ సరిగ్గా అక్కడే ఉందది. ఏ మనిషీ మూడుసార్లు ఒకేలా దగ్గడు. ఏ కుక్కా ఒకే చోట ఊళ పెట్టదు.

అది టేపు. అన్న ద్రోహి కాదు. అన్న లేడు. రెండూ ఒకేసారి తెలిశాయి. దేనికి ముందు ఏడవాలో అతనికి తెలియలేదు.

"బాబాయ్, అది ఆయన ఆఖరి పిలుపు. రికార్డు చేసుకుని, ఆ బోయాలోంచి వినిపించి మిమ్మల్నందర్నీ ఇళ్ళలోకి తోలడానికి వాడుతున్నారు. ఆ వెనక ఊళ వినండి. ఇక్కడ అలా అరిచే కుక్క ఎవరిది?"

"కాటేజీ అమ్మాయిది," అంది తెరేసమ్మ.

ఆ రోజు కుక్కతో సహా విజయవాడలో ఉన్నానన్న అమ్మాయిది. ఒడ్డు ఖాళీ అయింది కాబట్టి ఆమె ఇప్పుడు కాలవ మీదుగా సముద్రంలోకి వెళుతుంది. అవతల ఏదో షిప్పు ఎదురుచూస్తూ ఉంటుంది. కోస్ట్‌గార్డ్ రావడానికి టైం లేదు.

వెంకటప్పయ్యకి ఆ తరవాత ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. "అలివి వల తియ్యండ్రా," అని కేకేసుకుంటూ ఇంటింటి తలుపూ బాదాడు. ఒడ్డున రెండు జట్లుగా నిలబడి తాళ్ళతో లాగే పెద్ద వల అది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నాటుపడవలో వల ఒక కొస అవతలి గట్టుకి చేరింది. ఆడవాళ్ళు ఇవతలి తాడు పట్టుకున్నారు.

మసక చీకట్లో లైట్లు లేకుండా ఫైబర్ బోటు దూసుకొచ్చింది. మొగ దాటడానికి బారెడు దూరం ఉందనగా ఇంజన్ ముక్కి, మూలిగి, ఆగిపోయింది. నీళ్ళలో తిరిగే ఇంజన్ ఫ్యాన్‌కి వల చుట్టుకుంది. రెండు గట్ల నుంచీ లాగుతుంటే బోటు వెనక్కి వచ్చింది, అక్షయతో సహా.

ఆమె పిస్టల్ ఎత్తింది. బోటు ఊగడంతో గుండు గాల్లోకి పోయింది. మరుక్షణం రెండో చేతిలోని చిన్న గొట్టాన్ని నీళ్ళలోకి విసిరింది. మాస్టర్ కోడ్ చిప్ అందులోనే ఉంది. సముద్రంలోకే విసిరాననుకుంది పాపం, పడింది మాత్రం వలలో. తెరేసమ్మ వలసంచి తిరగేసి, మట్టగిడస చేపల మధ్యలోంచి దాన్ని ఏరి, కొంగుకి తుడిచి ఇచ్చింది.

సంకెళ్ళు వేస్తూ జ్ఞానేశ్వర్ అడిగాడు. "అన్న మళ్ళీ ఎందుకు పిలవలేదు?"

"పిలవబోయాడు," అంది అక్షయ. "నేను వెనకే ఉన్నాను."

వెంకటప్పయ్య ఆ మాట విని ఇసుకలో కూలబడ్డాడు. ఈసారి కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. తెరేసమ్మ పక్కన కూర్చుంది గానీ ఊరుకోమని చెప్పలేదు.

శ్రీదుర్గకి ఫోన్ చెయ్యడం ఆ రోజు చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైంది. ఆవిడ అంతా విని, ఒక్కటే అడిగింది.

"ఆఖర్న ఏమన్నారు?"

"ఇంటికెళ్ళాలన్నాడు వదినా."

"ఆ మాట నాకు పంపించు. ఫోన్లో ఆయన ఫొటోలు ఎన్నో ఉన్నాయి. గొంతు ఒక్కటీ లేదు. రికార్డు చెయ్యనిచ్చేవారు కాదుగా, మీ ఉద్యోగం అలాంటిది."

"టేపు కేస్ ప్రాపర్టీ. టాప్ సీక్రెట్. గది దాటకూడదు," అన్నారు రామకోటేశ్వరరావు మర్నాడు. స్వయంగా ఇనప్పెట్టెలో పెట్టి, వేలిముద్ర లాక్ మాత్రం వెయ్యకుండా, ఆ తరవాత ఎందుకో జ్ఞానేశ్వర్‌కి వీపు తిప్పి చాలాసేపు కిటికీలోంచి బయట లారీల వైపే చూస్తూ నిలబడ్డారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఆ రహస్యం రోజూ సాయంత్రం పైకే వినిపిస్తోంది. దేశభద్రతకి మాత్రం ఇంతవరకూ ఏ లోటూ రాలేదు.